న్యాయపీఠం కోసం ఒక ఓటు

మా మదరసాకు షాబాన్ నడుమ నుంచి షవ్వాల్ నడుమ వరకు సెలవులు. 2016లో ఆ సెలవుల్లోనే నేనూ, నా భార్యా అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ శివారులో ఉన్న మా పెద్దబ్బాయి ఇంటికి వెళ్ళాము. రంజాను ఉపవాసాలు అక్కడే పాటించాము. వేసవి పగళ్ళు దీర్ఘమైనవి. ఇఫ్తార్ రాత్రి ఎనిమిదిన్నర దాటిన తరువాతనే.

పొరుగింటి పెద్దమనిషి డెబ్బయికి దగ్గరపడినవాడు. ప్రతి శీతాకాలం జింకల వేటకు వెళ్ళేవాడు. మీ ఇంట ఎన్ని తుపాకులున్నాయని అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ఏడు దగ్గర ఆగి నవ్వాడు. మా కోడలిని కాన్పుకు తీసుకువెళ్ళిన రాత్రి మా మనవడిని తన ఇంట పడుకోబెట్టుకున్నది అతని భార్యే. పొరుగువారి హక్కుల గురించి నేను పిల్లలకు బోధించే పాఠాన్ని ఆ దంపతులు చదవకుండానే నేర్చుకున్నట్లు కనిపించారు.

జూన్ 12 తెల్లవారుజామున ఫ్లోరిడాలోని ఓర్లాండోలో, ఒక రాత్రి వినోదశాలలో, ముస్లిం పేరు గల యువకుడొకడు 49 మందిని కాల్చి చంపాడు. అమెరికాలోనే పుట్టినవాడు. తుపాకులు చట్టప్రకారమే కొన్నాడు. ఆ సాయంత్రం ఇంటిలోని స్త్రీలను తరావీహ్‌కు తీసుకువెళ్ళాలా, వద్దా అని మా అబ్బాయి తటపటాయిస్తుండగా పొరుగాయన తలుపు తట్టాడు. “ఎవరైనా మీ జోలికి వస్తే నాకు ఫోను చేయండి, ఏ వేళయినా సరే” అని చెప్పి వెళ్ళాడు.

ఆ మనిషే నవంబరులో డొనాల్డ్ ట్రంప్‌కు ఓటు వేయదలచుకున్నాడని తెలిసి నేను నిర్ఘాంతపోయాను. ముస్లిములను దేశంలోకి రానివ్వకుండా పూర్తిగా ఆపాలని 2015 డిసెంబరులో ప్రకటించిన అభ్యర్థి ఆయన. మా అబ్బాయి అనువదిస్తుండగా అడిగే అడిగాను. అతను నొచ్చుకోలేదు. “ఆ మనిషి నాకు నచ్చడు. నా ఇంటికి భోజనానికి పిలవను. కాని నేను ఓటు వేసేది మనిషికి కాదు, ఖాళీగా ఉన్న కుర్చీకి” అన్నాడు.

ఆ కుర్చీ సుప్రీం కోర్టు న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియాది. ఆయన ఫిబ్రవరిలో, టెక్సాస్‌లోనే ఒక వేట విడిదిలో కన్నుమూశారు. ఒబామా ఒకరిని ప్రతిపాదించినా సెనేట్ విచారణకే పూనుకోలేదు. అక్కడ న్యాయమూర్తులు తొమ్మిదిమంది, జీవితాంతం ఉండవచ్చు. అధ్యక్షుడి గడువు నాలుగేళ్ళు. అతను నియమించిన న్యాయమూర్తి ముప్ఫయ్యేళ్ళు కూర్చోవచ్చు. మే నెలలో ట్రంప్ తాను పరిశీలించే 11 మంది పేర్లు ప్రకటించగా, రెండు రోజులకే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆయనకు మద్దతు పలికింది. పొరుగాయన ఆ జాబితాను అచ్చు తీసి ఫ్రిజ్‌కు అంటించుకున్నాడు.

అక్కడి రాజ్యాంగంలో 1791 నాటి రెండవ సవరణ ఒకే వాక్యం, ఇంగ్లీషులో 27 మాటలు. క్రమశిక్షణ గల పౌరసేన దేశభద్రతకు అవసరమని మొదటి సగం చెబుతుంది. ఆయుధాలు ఉంచుకొని ధరించే ప్రజల హక్కుకు భంగం కలగరాదని రెండవ సగం అంటుంది. ఇది వినగానే నాకు మా ఉసూలె ఫిఖ్‌హ్ తరగతి గుర్తుకు వచ్చింది. ఇల్లత్, అంటే కారణం, తొలగిపోతే హుక్మ్, అంటే ఆదేశం, నిలుస్తుందా? మేము సారాయి ఉదాహరణతో మొదలుపెడతాము. సారాయి పులిసి సిర్కాగా మారితే మత్తు పోతుంది, మత్తుతో పాటే నిషేధమూ పోతుంది. మరి పౌరసేన కనుమరుగైతే తుపాకీ హక్కు పోతుందా? పోదనీ, ఆత్మరక్షణకు ఇంట తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కేననీ 2008లో కోర్టు చెప్పింది. అయిదుగురు ఔనన్నారు, నలుగురు కాదన్నారు. తీర్పు రాసినది స్కాలియా. హిల్లరీ క్లింటన్ దానితో ఏకీభవించలేదు. పొరుగాయన భయం నాకప్పుడు అర్థమైంది. అతని హక్కు ఒక్క మనిషి తేడాతో నిలిచి ఉంది.

మీ గ్రంథాలలో ఇటువంటివి ఉన్నాయా అని అతను అడిగాడు. ఖాజీ షురైహ్ వృత్తాంతం చెప్పాను. హజ్రత్ అలీ (రజి.) ఖలీఫాగా ఉండగా తమ కవచం ఒక యూదుని వద్ద కనిపించింది. తమ పాలనలోని ఖాజీ ముందుకే వాదిగా వెళ్ళారు. తండ్రి పక్షాన కొడుకు సాక్ష్యం చెల్లదని ఖాజీ ఆ ఖలీఫాకే వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. పొరుగాయన శ్రద్ధగా విని, “మీ ఖలీఫా ఖాజీని సరిగా ఎంచుకోలేదన్నమాట” అని పెద్దగా నవ్వాడు. మేమూ నవ్వాము. మా అబ్బాయికి మాత్రం నవ్వు ఆలస్యంగా వచ్చింది.

కుర్చీ నిండింది. 2017 ఏప్రిల్‌లో నీల్ గోర్సచ్ అందులో కూర్చున్నారు. 2018లో మేము మళ్ళీ అక్కడే ఉండగా, ఈద్ అయిన పదకొండు రోజులకు, జూన్ 26న, యెమెన్, సిరియా, సోమాలియా, లిబియా, ఇరాన్ తదితర దేశాల వారి రాకపై ట్రంప్ విధించిన ఆంక్షలను కోర్టు సమర్థించింది. అప్పుడూ అయిదుగురు, నలుగురు. ఆ అయిదుగురిలో గోర్సచ్ ఒకరు. ఆ కుర్చీ ఖాళీగా ఉండి చెరి నలుగురైతే, ఆంక్షలు చెల్లవన్న కింది కోర్టు తీర్పే నిలిచేది.

మా అబ్బాయి వెళ్ళే మస్జిద్‌లో ఒక యెమెన్ సోదరుడు ఉండేవాడు. భార్య వీసా కోసం జిబూతీలో ఎదురుచూస్తోంది. ఆ రోజు జొహర్ తరువాత అతను సఫ్‌లోనే కూర్చుండిపోయాడు. నేను పక్కన కూర్చున్నాను. చెప్పడానికి ఏమీ తోచలేదు.

మరునాడు న్యాయమూర్తి ఆంథొనీ కెనడీ పదవీ విరమణ ప్రకటించారు. మరొక కుర్చీ ఖాళీ అవుతోందని పొరుగాయన కంచె దగ్గరే సంతోషంగా చెప్పాడు. నేను యెమెన్ సోదరుని సంగతి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. “నేను తుపాకీ కోసమే వేశాను” అన్నాడు చివరకు. “ఆ న్యాయమూర్తి తుపాకీ వ్యాజ్యాలకే కూర్చోడు కదా” అన్నాను. ఆ మాట అనే అర్హత నాకున్నదా అన్నది వేరే విషయం. కొన్నేళ్ళ కిందట మా వైపు ఒక మస్జిద్ కమిటీ ఎన్నికలో, మదరసా వంటశాలకు పైకప్పు వేయిస్తానన్న మనిషికే నేను చేయెత్తాను. వేయించాడు. తరువాత ముఅజ్జిన్ జీతం ఎనిమిది నెలలు ఆపాడు. ముఅజ్జిన్ నన్ను ఒక్క మాటా అనలేదు.

2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మస్జిద్‌లలో 51 మంది షహీద్ అయ్యారు. అప్పటికి పౌరసత్వం పొందిన మా అబ్బాయి తన మస్జిద్ కాపలా వంతులలో చేరి, పిస్తోలు కొన్నాడు. నేను వద్దన్నాను. “అబ్బా, వెనుక సఫ్‌లో పిల్లలుంటారు” అన్నాడు. నాకు నచ్చలేదు. కాదనడానికి వాదనా దొరకలేదు.

2024 జూన్‌లో టెక్సాస్ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో, జీవిత భాగస్వామిని బెదిరించినందుకు కోర్టు కట్టడి విధించిన వారి వద్ద తుపాకీ ఉండరాదన్న చట్టం చెల్లుతుందని ఎనిమిదిమంది న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. ఒక్కరే విభేదించారు. ట్రంప్ నియమించిన ముగ్గురూ ఆ ఎనిమిదిమందిలోనే ఉన్నారు. పొరుగాయన కోపగించుకోలేదట. తన పెద్ద కూతురి మొదటి వివాహం ఎలా ముగిసిందో ఆ రోజే మా అబ్బాయికి చెప్పాడట.

ఆ అక్టోబరులో మా అబ్బాయి ఫోను చేశాడు. న్యాయమూర్తి థామస్‌కు 76, అలీటోకు 74, ఈ నాలుగేళ్ళలో ఆ కుర్చీలు ఖాళీ కావచ్చునని పొరుగాయన లెక్క. ఆ లెక్క ఇప్పుడు మా అబ్బాయిదీ అయింది. ఒకవైపు తన పిస్తోలు. మరొకవైపు ఆ ఆంక్షలను తిరిగి తెస్తానంటున్న అభ్యర్థి. “ఏది ముందు తూచమంటారు, అబ్బా?” అన్నాడు. నేను జవాబు వెతుక్కుంటుండగా నా భార్య చేతిలోంచి ఫోను తీసుకుని, అది ఇంట్లో ఎక్కడ పెడుతున్నావని అడిగింది. ఇనుప పెట్టెలో, తాళం వేసి ఉందన్నాడు.

“తాళంచెవి ఎక్కడుంటుందో పిల్లలకు తెలుసా?” అని అడిగింది.