అపరాధ పరిశోధకుని శీలము

మధ్యాహ్నము వంటయిల్లు సర్దుకొనిన పిదప మేము చదువునవి భారత భాగవతములు మాత్రమే యని మా యిరుగుపొరుగువారి నమ్మకము. అది పూర్తిగా నిజము కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును, అతని సహాయకుడు రాజును మా పెట్టెలో భారతము క్రిందనే చిరకాలముగా కాపురమున్నారు. బడిపంతులైన మా వారు చూచి నవ్వుదురేగాని వారింపరు.

ఇటీవల వారు అమెరికా రచయిత రేమండ్ చాండ్లర్ 1939లో ప్రకటించిన 'ది బిగ్ స్లీప్' అను నవలను చదివి మాకు అర్థము చెప్పిరి. అందలి ఫిలిప్ మార్లో మా యుగంధరువంటి మర్యాదస్థుడు కాడు. ఒంటరివాడు, త్రాగును, మాట కఱకు, దెబ్బలు తినును. దినమునకు 25 డాలర్లు, పైన ఖర్చులు, ఇదియే యతని ఫీజు. ఇట్టివాని వలన గృహిణులు నేర్చుకొనవలసిన దేమున్నదని మొదట మాకును దోచినది.

పరిశోధన మనకు క్రొత్త గాదు. అరణ్యపర్వమున దమయంతి చేసిన దేమి? వికృతరూపుడైన బాహుకుడే నలుడేమో యని శంకించి, అతని నడవడి గనిపెట్టుమని కేశినిని పంపెను. చూపుమాత్రమున కుండలు నీట నిండుటయు, నలిపిన పూవులు వాడకుండుటయు ఆమెవలన వినెను. అతని వంట తెప్పించి రుచి చూచెను. పిల్లలను పంపి, వారిని జూచి యతడు కంట దడిపెట్టుట తెలిసికొనెను. ఒక్క యానవాలుతో తృప్తి నొందలేదు. అయితే ఆమె వెదకినది తన భర్తను. డబ్బు పుచ్చుకొని పరుల గుట్టు వెదకువాని ధర్మమేమి? ఈ ప్రశ్న మా యింటికే వచ్చినది.

గత మాఘమున మా చెల్లెలి కూతునకు సంబంధము చూచుచుంటిమి. వరుడు పటాన్‌చెరువు కర్మాగారమొకదానిలో ఉద్యోగి. మా పోతిరెడ్డిపల్లి చౌరస్తాలోనే బస్సెక్కువాడు. పెద్దలు హైదరాబాదునుండి యొక పరిశోధకుని నియమించి విచారింపించిరి. పది దినములకు కాగితములు మా చేతికే వచ్చినవి. వరునియందు దోషము లేదు. కాని కడపటి పుటలో, ఎవ్వరు నడుగని మాట యొకటి: అతని అక్క భర్తను విడిచి వచ్చుటకు కారణమని వాడవారు చెప్పుకొనునది.

ఆ రాత్రి మాకు నిదుర లేదు. మార్లో జ్ఞప్తికి వచ్చెను. చావు దగ్గఱపడిన ముదుసలి సేనాపతి, కనబడకపోయిన అల్లునికై బెంగగొనియుండును. అల్లుని చంపినది ఆయన చిన్న కూతురే యని మార్లో కనిపెట్టును. నోరు మూసికొనుటకు పెద్ద కూతురు 15,000 డాలర్లు ఇవ్వజూపగా త్రోసివైచును. చెల్లెలిని దూరముగా గొనిపోయి వైద్యము చేయింపుమని యామెకు చెప్పి, ముదుసలికి మాత్రము నిజము చెప్పడు. డాషియల్ హేమెట్ 1930 నాటి 'ది మాల్టీస్ ఫాల్కన్'లో శామ్ స్పేడ్ తాను వలచిన స్త్రీనే హంతకురాలని పోలీసుల కప్పగించును. ఒకడు దాచెను, ఒకడు బయటపెట్టెను; ఇరువురును తమ లాభము చూచుకొనలేదు. వీరి శీలమంతయు ఇందే యున్నదని మాకు దోచినది.

తెల్లవాఱగనే ఆ పుటను పొయ్యిలో వైచితిమి. అయితే వైచితిమని మా చెల్లెలితో ముఖాముఖి చెప్పితిమి. "అందేమున్నదక్కా?" యని యది యడిగినది. "పిల్లవానిది కాదు" అంటిమి. నెల దినములు మాతో మాటాడలేదు. దానిది తప్పనలేము, కన్నతల్లి భయము దానిది.

వైశాఖమున పెండ్లి జరిగినది. పెండ్లికూతునకు జడ వేసినది ఆ యక్కయే. పూలు చాలకపోగా తన తలలోనివి తీసి ముడిచినది. మమ్ము "పెద్దమ్మగారూ" యని పిలిచి మంచినీళ్లిచ్చినది. మేము తలవంచుకొని పుచ్చుకొంటిమి.

సోదరీమణులారా! తెలిసికొనుట కష్టమని యపరాధ పరిశోధన కథ లన్నియు చెప్పును. తెలిసినదానిని మోయుట యంతకంటె కష్టమని మాకు ఆ మంచినీళ్లు త్రాగునప్పుడు తెలిసినది.