మా నాన్న అరిసె ముట్టలేదు

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదక మిత్రుడు పట్టుబట్టినప్పుడు, "నాకు కథలూ కవితలూ రావు, కెమిస్ట్రీ వాణ్ణి" అన్నాను. "అయితే కెమిస్ట్రీయే రాయి" అన్నాడు. రాస్తున్నాను. కాకపోతే ఇది లాబరేటరీలో మొదలైంది కాదు, మా వరండాలో.

మాది గోదావరి డెల్టాలో కాలవ కింది ఊరు. నాలుగెకరాలు, సార్వా దాళ్వా రెండూ వరే. నాన్నకు 2019లో షుగరని తేలింది. ఆ రోజు నుంచి ఆయన తీపి ముట్టలేదు. కాఫీలో పంచదార లేదు. సంక్రాంతికి అమ్మ అరిసెలు వండి వీధంతా పంచితే నాన్న ఒక్కటి నోట పెట్టలేదు. "మనిషంటే అలా ఉండాలి, ఏం నిగ్రహం!" అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. నేనూ హాస్టల్లో గొప్పగా చెప్పుకున్నాను.

అన్నం సంగతి మాత్రం ఎవరమూ తలవలేదు. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం కంచం నిండా, రాత్రి మళ్ళీ అంతే. వరి పండించే వాళ్ళింట అన్నానికి లెక్కేమిటి? మాత్రలు తల తిరిగిన రోజున వేసుకునేవాడు. రక్తపరీక్షకు ముందు రెండు రాత్రులు పస్తుండేవాడు, అంకె తక్కువ వస్తుందని. పరీక్షల ముందు మనం చేసే పనులు గుర్తొచ్చి నవ్వుకునేవాణ్ణి.

2023 సార్వా దమ్ముల్లో, ట్రాక్టరు అందని మూలలు పారతో సరిచేసి నాన్న ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి నడిచాడు. వెనకాలే వచ్చిన అమ్మ కెవ్వుమంది. వరండా గచ్చు మీద వరసగా నెత్తుటి అడుగులు. అరికాల్లో గాజుపెంకు దిగి ఉంది. నాన్న కిందికి చూసి, "ఇదెప్పుడు గుచ్చుకుందే?" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే నేను ప్రాక్టికల్సులో బెనెడిక్ట్ పరీక్ష చేసి ఉన్నాను. నీలి ద్రావణం ఆకుపచ్చగా, పసుపుగా, చివరికి ఇటికరంగుకు తిరగడం రికార్డులో అందంగా రాసి సంతకం పెట్టించుకున్నాను. గ్లూకోజులో ఆరు కార్బన్లుంటాయని తెలుసు. మా నాన్న కాలికి స్పర్శ పోయిందని తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరు గారు నాన్నను కళ్ళు మూసుకోమని, నైలాను పోగు ఒకటి తీసి, అది వంగేదాకా అరికాలి మీద అక్కడక్కడ నొక్కారు. తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. నాన్న కాసేపు ఊరుకుని, "ఇంకా మొదలెట్టలేదాండీ?" అన్నాడు. అప్పటికి ఆరు చోట్ల నొక్కడం అయిపోయింది.

హెచ్‌బిఎ1సి అనే పరీక్షలో 10.4 శాతం వచ్చింది. 6.5, ఆపైన ఉంటే షుగరే. జబ్బున్నవాళ్ళలో చాలామందిని 7 లోపు ఉంచుకోమంటారు. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఆ కాలమంతా రక్తంలోని గ్లూకోజు హిమోగ్లోబినుకు అంటుకుంటూనే ఉంటుంది. రెండు రాత్రుల పస్తు దాని ముందు పనిచెయ్యదు.

పుండు ఎముకదాకా పోయింది. చిటికెనవేలు తీసేశారు. మానడానికి మూడు నెలలు పట్టింది. ఆ సార్వా బాబాయే చూసుకున్నాడు.

మంచం మీద ఉన్న నాన్నకు నాకొచ్చిన పాఠం చెప్పబోయాను. కణానికి తాళం, ఇన్సులిను తాళంచెవి అని, పుస్తకంలో ఉన్నట్టే. నాన్న అంతా విని, "తాళం కాదురా, తూము. కాలవ నిండా నీళ్ళున్నాయి, తూము తలుపు తుప్పుపట్టి లేవడం లేదు. ఇటు చేను ఎండుతోంది, అటు గట్టు తెగుతోంది. అంతేనా?" అన్నాడు. అంతే. మా లెక్చరర్ గారు క్షమించాలి, ఇంతకంటే బాగా నాకెవరూ చెప్పలేదు. "మరి పైనుంచి నీళ్ళెవరు వదులుతున్నారు?" అన్నాను. అమ్మ అన్నం గిన్నె వైపు చూసింది. అన్నంలోని పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజుగా విడిపోయేదే. అరిసె మానినంత మాత్రాన కాలవ ఆగదు. కాలేయం కూడా తన వంతు గ్లూకోజు వదులుతుంటుంది. నాన్న వేసుకునే మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా దాన్ని అదుపు చేస్తుంది, రోజూ వేసుకుంటేనే.

ఇప్పుడు కంచంలో సగం కూరలూ ఆకుకూరలూ, పావు అన్నం, మిగతా పావు పప్పో చేపో గుడ్డో. మొదటి వారం నాన్న అమ్మతో మాట్లాడలేదు. పక్కింటాయన కొర్రన్నం తినమన్నాడు, అదైతే ఎంతైనా తినొచ్చట. కొర్రల్లో పీచు ఎక్కువ గనక కాస్త నయమే గాని, వాటిలోనూ పిండే ఉంది, కొలత తప్పదు. ఆకు కషాయం అమ్మేవాడొకడు మాత్రలు మానెయ్యమన్నాడు. వాణ్ణి మా మామ్మ గుమ్మంలోంచే పంపేసింది. పుండు మానాక నడవమంటే, "పొలంలో తిరగడం లేదా, మళ్ళీ నడకేమిటి?" అని నాన్న వాదన. దమ్ముకు ట్రాక్టరు, కోతకు మిషను, గట్టుదాకా మోటారుసైకిలు, ఇక తిరిగేదెక్కడో చెప్పమన్నాను. ఇప్పుడు సాయంత్రాలు కాలవ గట్టున అరగంట నడుస్తున్నాడు, బూట్లు వేసుకుని. ఊళ్ళో అదో వింత.

ఇంకో వింత ఉంది. డాక్టరు గారు రాసిన రెండో రకం మాత్ర వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. అందుకని, అరిసె ముట్టని మనిషి జేబులో బెల్లం ముక్క పెట్టుకు తిరుగుతున్నాడు.

ఆరు నెలలకు 7.6 వచ్చింది. మొన్న 7.1. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు.

సెలవులకు వెళ్ళినప్పుడు రాత్రిపూట అరుగు మీద కూర్చుని, నాన్న కాలు ఒళ్ళో పెట్టుకుని టార్చి వేసి చూస్తాను. మొదట్లో మొహమాటపడేవాడు. ఇప్పుడు తనే చాపుతున్నాడు. వీధి వైపు చూస్తూ కూర్చుంటాడు. నేను వేలితో ఒక్కోచోట నొక్కుతాను. "తెలుస్తోంది... ఆఁ, తెలుస్తోంది" అంటాడు. బొటనవేలి కింద నొక్కినప్పుడు ఏమీ అనడు.