కట్ట మీద కాగితాలు

ఏప్రిల్ 9, ఆత్మకూర్
అమరచింత సంస్థానానికి ఒకప్పుడు ఇదే రాజధాని. చెరువుకట్టను అందంగా చేసిపెట్టమని పిలిచారు. చేతికిచ్చిన నమూనాలో లాన్, గ్రానైట్ బెంచీలు, కోనోకార్పస్ వరుస ఉన్నాయి. తూము ఎక్కడుందో మాత్రం లేదు.

ఏప్రిల్ 10
బర్లను తోలుకొచ్చిన పెద్దాయన నా కాగితం మీది పచ్చరంగు చూశాడు. "గడ్డి వెడ్తరా బిడ్డా? మరి బర్లను మేపనిస్తరా?" మేపనివ్వరన్నా. "అట్లయితే ఎవలకు?" రాత్రి కూర్చుని లాన్ కొట్టేశా.

ఏప్రిల్ 17
శ్రీరంగాపురం. రంగసముద్రం ఒడ్డున రంగనాయకస్వామి గుడి. వనపర్తి రాజులు తమ చెరువులకు సముద్రాలని పేర్లు పెట్టుకున్నారు. వానలు అంతంతమాత్రమైన నేల మీద ఆ మాత్రం గొప్ప చెప్పుకోవడం న్యాయమే.

ఏప్రిల్ 25
ఢిల్లీలో చదివే రోజుల్లో హుమాయూన్ సమాధి తోటలో గంటలకొద్దీ కూర్చునేదాన్ని. 2003లో పూర్తయిన ఆ తోట పునరుద్ధరణలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ మహమ్మద్ షహీర్ చేయి ఉంది. రాతికాలువలకు 40 మీటర్లకు ఒక్క సెంటీమీటరు వాలు. కంటికి ఆనదు, నీళ్లకు తెలుస్తుంది. వచ్చినవాళ్లు గుమ్మటం చూసి పోతారు. మా వృత్తి తిండి తినేది ఆ సెంటీమీటరు మీదే.

మే 6
మహబూబ్‌నగర్, పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలింది. 2018లో చెదలమందును సెలైన్ సీసాలతో ఎక్కించారు. పేపర్లన్నీ ఆ సీసాల ఫొటోలే వేశాయి. జనం తొక్కితే నేల గట్టిపడుతుంది, ఊడ దిగదు. ఆ సంగతి ఏ ఫొటోకూ దొరకదు.

మే 20
టీకొట్టు దగ్గర కురుమూర్తి జాతర ముచ్చట. స్వామివారి ఉద్దాలు, అంటే పాదుకలు, తయారయ్యేది వడ్డెమాన్‌లో. నగలు ఆత్మకూర్ నుంచి, పట్టుబట్టలు అమరచింత నేతవాళ్ల నుంచి. ఇన్ని ఊళ్ల దారులు కురుమూర్తి గుట్ట దగ్గర కలుస్తాయి. వారసత్వమంటే కోటగోడలే అనుకునేవాళ్లకు ఈ నడక కనబడదు. ఆత్మకూర్ వైపు దారి పొడవునా వేప, కానుగ పెడితే బాగుండు. అది నా కాంట్రాక్టులో లేదు. అయినా అడుగుతా.

జూన్ 12
పూడిక తీస్తున్నారు, ట్రాక్టర్లు లైను కట్టాయి. మిషన్ కాకతీయ మొదలైంది 2015లో. చల్క పొలానికి ఒండ్రు ఎంత బలమో రైతుకు అంతకుముందూ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కొత్త డ్రాయింగులో బర్లు దిగే వాలు, బట్టలుతికే బండలు, బతుకమ్మ మెట్లు. అన్నిటికీ తలూపారు. "ఐ లవ్ ఆత్మకూర్" అక్షరాలు మాత్రం తప్పవట, చోటు నన్నే చూడమన్నారు. అలుగు పారే దారికి అడ్డం రాకుండా ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి.