ఆసు పోసే చేతులు

పిల్లలూ! హైదరాబాదుకు తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో పోచంపల్లి అనే ఊరున్నది. 1951లో వినోబా భావే గారి భూదానోద్యమం మొదలైంది ఇక్కడే. అందుకే దీనిని భూదాన్ పోచంపల్లి అంటారు. ఎప్పుడైనా ఆ ఊరు వెళితే, వీధిలో ఒక్క క్షణం నిలబడి వినండి. ఇళ్ళలోనుంచి టకటకమని మగ్గాల చప్పుడు వినబడుతుంది.

ఇక్కడి చీరలకు ఒక ప్రత్యేకత ఉన్నది. బట్ట నేశాక పూలు అద్దడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ అలా కాదు. నేయకముందే నూలుకు అక్కడక్కడ గట్టిగా కట్లు కట్టి రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు అంటదు. ఆ నూలుతో నేస్తూ ఉంటే పూలు వాటంతట అవే తేలుతాయి. దీనినే చిటికీ పని అంటారు.

కట్లు కట్టే ముందు పేక దారాన్ని మేకుల వరుస చుట్టూ తిప్పాలి. అదే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి! నాలుగైదు గంటల పని. ఇది ఎక్కువగా ఆడవాళ్ళే చేసేవారు. సాయంత్రానికి భుజాలు పడిపోయేవి.

ఈ జిల్లాలోనే ఆలేరు దగ్గర శారాజీపేట ఉన్నది. అక్కడి చింతకింది మల్లేశం గారు తల్లి పడే బాధ చూడలేకపోయారు. చిన్నతనంలోనే బడి మానవలసి వచ్చినా, ఏళ్ళ తరబడి పాటుపడి 1999లో ఆసు పోసే యంత్రం తయారు చేశారు. దానితో ఆ పని గంటన్నరలో అవుతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

"అయితే యంత్రాలు మంచివే గదా!" అంటారేమో. తొందరపడకండి. మరమగ్గం కూడా యంత్రమే. చేతిమగ్గం కంటె ఎన్నో రెట్లు వేగంగా నేస్తుంది. ఆ బట్టమీద చిటికీ పూలు అచ్చువేసి చౌకగా అమ్ముతారు. అప్పుడు ఇంట్లోని మగ్గం మూలపడుతుంది. అందుకే 1985లో పార్లమెంటు కొన్ని రకాల బట్టలను చేతిమగ్గాలకే కేటాయిస్తూ చట్టం చేసింది. కాని చట్టం ఒక్కటే మగ్గాన్ని ఆడించలేదు. కొనేవారు కూడా కావాలి.

చూశారా తేడా? ఒక యంత్రం నొప్పిని తీసివేసి పనిని ఇంట్లోనే ఉంచింది. ఇంకొకటి పనినే తీసుకుపోయింది. కనుక కొత్త యంత్రం కనబడినప్పుడల్లా రెండు ప్రశ్నలు వేయండి. ఇది ఎవరి చేతిలో ఉన్నది? దీనివల్ల పని పోయినవారికి మరొక పని చూపించేదెవరు?

ఇంట్లో పోచంపల్లి చీర ఉంటే అమ్మనడిగి తిరగవేసి చూడండి. నేసిన పువ్వు రెండువైపులా ఒకేలా ఉంటుంది. అచ్చువేసిన పువ్వు వెనుకవైపు వెలిసినట్లుంటుంది. ఈ మాట తెలిసినవారు బజారులో మోసపోరు. నేతపనివారి కూలీ నిలబడేది అలాంటి కొనుగోలుదారుల వల్లనే.