చిత్తకార్తె అల్లుళ్లు

అక్టోబరు రెండో వారంలో చిత్తకార్తె వస్తుంది. పోడు చేలో జొన్న కంకి మీదుండే రోజులు. రాత్రిళ్లు పందుల కాపలాకు కుక్క లేకపోతే కుదరదు. సరిగ్గా అప్పుడే మా గూడెంలో మగకుక్కలన్నీ ఇల్లు వదిలేస్తాయి. ‘చిత్తకార్తె కుక్క’ అనే తిట్టు ఎక్కడ పుట్టిందో గానీ, దాని బాధ తెలిసింది మాత్రం పోడు చేసేవాడికే.

మా మామ కుక్క పేరు పులి. ఒక ఏడాది వాగు అవతలి గూడేనికి పోయి తొమ్మిది రోజులు రాలేదు. మామే మంచె మీద రేకు డబ్బా కొట్టుకుంటూ పందుల్ని తోలాడు. పదో రోజు అది చెవి చిరిగి, డొక్కలు ఎండి, కుంటుకుంటూ వచ్చింది. మామ కర్ర ఎత్తి, మళ్లీ దించి, “ఏమే, అల్లుడు అత్తారింటి నుంచి వచ్చాడు, కాళ్లకు నీళ్లియ్యి” అని మా అత్తను కేకేశాడు. ఆ పూట జావ ముందు పులికే.

మా అవ్వ కథ వేరు. తన ఆడకుక్క ఎదకొచ్చిందని పాకలో కట్టేసింది. ఏడు మగకుక్కలు కుల పెద్దల్లా పాక చుట్టూ కూర్చున్నాయి, మూడు రాత్రులు. పెద్దవి ఒకదాన్నొకటి కరుచుకుంటుంటే, అన్నిటికంటే బక్కది వెనక తడిక కింద మట్టి తవ్వి లోపలికి దూరింది. తెల్లారి చూసిన అవ్వ, “ఇంక కాపలా ఎందుకు” అని తడిక తీసేసింది. రెండు నెలలకు, డిసెంబరులో, ఐదు పిల్లలు. ఒకటి నల్లది, రెండు ఎర్రవి, ఒకటి మచ్చలది, ఒకటి అచ్చం బక్కదే. “ఇది మా వాడి పిల్లే” అంటూ ఇంటింటి నుంచీ వచ్చారు. “అయితే ఓలి తెండి” అంది అవ్వ. నవ్వుకు అన్నా, అందులో నిజం ఉంది. ఎదలో ఉన్న కుక్క కొన్ని రోజులపాటు వేరువేరు మగకుక్కలతో కలుస్తుంది కాబట్టి ఒకే ఈతలో పిల్లలకు తండ్రులు వేరుగా ఉండొచ్చు.

ఇంట్లో ఇలా నవ్వే పిల్లలే బడికొస్తే మారిపోతారు. నేను పనిచేసే ఆశ్రమ పాఠశాలలో ఒకరోజు ప్రార్థన వేళ రెండు కుక్కలు అతుక్కుని నిలబడ్డాయి. మగపిల్లలు రాళ్లు ఏరారు, ఆడపిల్లలు తలలు దించారు. ఒకడు వేడినీళ్ల కోసం వంటగదికి పరిగెత్తాడు. వాళ్లను ఆపి, ఆ రోజు లెక్కల పీరియడ్ ఇదే పాఠానికి వాడుకున్నాను. కలిసినప్పుడు మగకుక్క అంగం మొదలు ఉబ్బి లోపల బిగుసుకుంటుంది, వాపు తగ్గాకే విడిపోతుంది. పది నుంచి ముప్పై నిమిషాలు పట్టొచ్చు. లాగితే రెండింటికీ గాయమే.

“అందుకేనా సార్ రాయి పడ్డా పారిపోవు?” అన్నాడు ఒకడు. అవునన్నాను. తర్వాత ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం నా బల్లమీద పేరు లేని చీటీ. ‘కుక్కకు వచ్చే రక్తమూ మాకు వచ్చేదీ ఒకటేనా?’ మగపిల్లలు దీంతోనే వాళ్లను ఏడిపిస్తున్నారని అప్పుడు తెలిసింది. ఒకటి కాదు. కుక్కకు ఎద మొదట్లో, గర్భాశయం సిద్ధమయ్యేటప్పుడు వస్తుంది. మనుషుల్లో గర్భం రానప్పుడు గర్భాశయం లోపలి పొర ఊడిపోతూ వస్తుంది. మర్నాడు ఇద్దరికీ వినబడేలా చెప్పాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే ‘ఇంటి దగ్గర చదువుకోండి’ అనే మాస్టార్లు మనలో ఉన్నారు. హాస్టల్ పిల్లకు ఇల్లు ఎక్కడుంది?

ఇంకో సంగతి. ఈ రోజుల్లో కుక్కల కొట్లాట మధ్యకు పోయి కరిపించుకునే పిల్లలుంటారు. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించాలి. పసరు కట్టి ఊరుకుంటే రేబిస్ ఆగదు.

ఈ ఏడు కూడా అవి బడి ముందే నిలబడ్డాయి. చిన్న తరగతుల వాళ్లు రాళ్లు ఎత్తబోతే, ఆనాడు వేడినీళ్లకు పరిగెత్తినవాడే “ఆగండిరా, వాటంతటవే విడిపోతాయి” అని గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడట. పద్దెనిమిది నిమిషాలు పట్టిందని నాకు లెక్క చెప్పాడు.