ఒంటికాలి మీద గోరంట్లకు

గోరంట్ల అనగానే తెలియనివారికి గోరింటాకు జ్ఞాపకం వస్తుంది. తెలిసినవారికి చిత్రావతి ఒడ్డు, మాధవరాయస్వామి ఆలయం జ్ఞాపకం వస్తాయి. నాకు మాత్రం మా అత్తవారి ఇంటి ముందున్న రాతిమెట్టు జ్ఞాపకం వస్తుంది. ఆ మెట్టు బెత్తెడు ఎత్తు. దాని వెనుక అరుగు, కూర్చున్నవారి కాళ్లు నేలకు అందనంత ఎత్తు. ఊళ్లో చూడవలసిన శిల్పాలు ఉండగా ఈ కొలతలు నాకెందుకు కంఠతా వచ్చాయంటారా? చెబుతాను.

నేను హిందూపురంలో కాపురముంటూ కాలేజీలో తెలుగు చెప్పుకునేవాణ్ణి. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మా ఆవిడ పుట్టినిల్లు గోరంట్ల. ఆమె తమ్ముడు, అంటే మా బామ్మర్ది, ఆరడుగుల మనిషి. ఉద్యోగరీత్యా కెనడా వెళ్తూ అతను ఇక్కడ రెండు విడిచి వెళ్లాడు: తల్లిని, మోటారు సైకిలును. “బావా, రెండింటినీ నువ్వే చూసుకోవాల. బండి మూలన పడితే పాడైపోతాది” అన్నాడు. తల్లి సంగతి వేరే చెప్పనక్కర లేదని అతని ఉద్దేశం కాబోలు. డెబ్బై దాటిన మా అత్తమ్మ ఆ ఇల్లు వదిలి రానంటుంది. బస్సులున్నాయి. కాని నాకు కాలేజీ వదిలే వేళకూ వాటి వేళకూ పొత్తు కుదరదు. వారానికి రెండు మూడు సార్లయినా మందులూ, కూరగాయలూ, నాలుగు మాటలూ ఆమెకు అందాలంటే మోటారు సైకిలే దిక్కు.

ఆ మోటారు సైకిలు రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్, 2016లో మొదట వచ్చిన 411 సి.సి. రకం. దాని సీటు నేలకు 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ కనిపించే స్ప్లెండర్ సీటు 785. తేడా వేలెడైనా లేదు గదా అనుకున్నాను. లెక్క తప్పిన చోటు అదే. స్ప్లెండర్ బరువు నూటపన్నెండు కిలోల ప్రాంతం. ఇది రెండువందలకు ఒక కిలో తక్కువ. పైగా సీటు వెడల్పు. తొడలు రెండు పక్కలకూ విచ్చుకుంటే కాలి పొడుగులో కొంత అడ్డంగానే ఖర్చయిపోతుంది. చివరికి నేలకు తగిలేవి బొటనవేళ్లే.

మరొక రహస్యం తరువాత తెలిసింది. బండి స్ప్రింగులు మనిషి బరువుకు కుంగుతాయి. బామ్మర్ది ఎనభై అయిదు కిలోల మనిషి. కూర్చోగానే బండి వినయంగా వంగేది. నేను యాభై ఎనిమిది. నాకు అది వంగి నమస్కరించలేదు. పొడుగువాడికి వంగిన బండి పొట్టివాడికి వంగకపోవడం లోకరీతిలాగే ఉంది.

హిందూపురం నుంచి గోరంట్ల దారి చూడముచ్చటగా ఉంటుంది. చింతపండు, బెల్లం, పట్టుగూళ్ల బేరాలు సాగే ఊరిని దాటగానే మల్బరీ తోటలు, వేరుసెనగ చేలు, ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చి మరచిపోయినట్లున్న గుండ్రాళ్ల గుట్టలు. ఆ మధ్య జిల్లా పేరే మారింది: 2022 ఏప్రిల్ నుంచి మాది అనంతపురం కాదు, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. గోరంట్ల మండలంలోనే పాలసముద్రం దగ్గర కస్టమ్స్ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ 2024 జనవరిలో ప్రారంభమైంది. చిత్రావతి మాత్రం ఎక్కువ నెలలు ఇసుకగానే ఉంటుంది.

మొదటి నెల ఏ విఘ్నమూ లేకుండా గడిచింది. ఆపవలసి వచ్చినప్పుడల్లా బొటనవేళ్ల మీద నిలబడి ఇష్టదైవాన్ని తలచుకునేవాణ్ణి. రెండవ నెలలో ఒక సాయంత్రం మా ఆవిడ వెనక కూర్చుని ఉంది. ఎదురుగా వస్తున్న లారీకి దారి ఇద్దామని ఎడమ పక్కకు ఒదిగి ఆపాను. తారు అంచు దాటి మట్టి నాలుగంగుళాలు కిందికి దిగిపోయి ఉంది. నా ఎడమకాలు నేల కోసం వెతుకుతూ వెళ్లింది. నేల దొరికేలోపల బండి, నేను, మా ఆవిడ ముగ్గురమూ పక్కకు ఒరిగిపోయాము. నాకు మోకాలు గీరుకుపోయింది. ఆమెకు కుడి మణికట్టు విరిగింది.

తప్పు బండిది కాదు, లారీది కాదు. ఎక్కడ ఆపాలో చూడకుండా ఆపినవాణ్ణి నేను. ఆమె ఆరు వారాలు పిండికట్టుతో ఉంది. వంట నేను చేశాను. ఆ వంట తిన్నందుకైనా నన్ను క్షమిస్తుందనుకున్నాను గాని, “ఈ ఏనుగును అమ్మేసి స్కూటరు కొనండి. నేను మళ్లీ దీని మీద ఎక్కను” అని తేల్చేసింది. న్యాయమైన మాటే. ఆ మాట గోరంట్లలో చెబితే అత్తమ్మ ఏమీ అనలేదు. కొంతసేపటికి, “సాయంత్రం ఆ సద్దు ఇంటే మావాడే వచ్చినట్లుంటాది నాయనా” అంది. ఇక అమ్మకం మాట నా నోట రాలేదు.

బండిని దించడమెలాగని విచారించాను. మొదట అడిగిన మెకానిక్కు ధైర్యశాలి. చాసిస్ వెనకభాగం కోసి వెల్డింగు పెడతానన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను. ప్రాణభయం ఒకటి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రెండవది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

రెండవ మెకానిక్కు వెనక స్ప్రింగుకూ చక్రపు చట్రానికీ మధ్య ఉండే లింకులు తీసి, కాస్త పొడుగువి వేస్తే వెనకభాగం అంగుళంపైన దిగుతుందన్నాడు. నిజమే. కాని వెనక దించి ముందు దించకపోతే హ్యాండిలు మందకొడిగా తిరుగుతుంది. కనుక ముందు ఫోర్కులను కూడా బిగింపుల్లో తగినంత పైకి జరపాలి. అప్పుడు బండి కడుపు నేలకు దగ్గరవుతుంది. సైడు స్టాండు పొడుగెక్కువై, బండి ఒరగడానికి బదులు నిటారుగా నిలబడి, చిన్న గాలికే అవతలి పక్కకు పడుతుంది. అందుకని స్టాండు కోయాలి. పద్యంలో ఒక గణం మారిస్తే యతి తప్పుతుంది, యతి సరిచేస్తే అర్థం పోతుంది. పాతికేళ్లుగా నేను పిల్లలకు చెప్పేది ఇదే గదా! వద్దన్నాను.

మూడవవాడు మెకానిక్కు కాడు, సీట్లు కుట్టే భాయి. నన్ను బండి మీద కూర్చోమని, తాను నేల మీద గొంతుకూర్చుని, చాలాసేపు నా కాళ్లే చూశాడు.

“సార్, ఎత్తు సంగతి తర్వాత. మొదులు వెడల్పు తగ్గించల్ల. మీ కాలు పక్కకు పోతాంది. కిందికి రావల్ల కదా?”

ఎమ్మే చదివిన నాకు తట్టనిది ఆయనకు చూపుతోనే తట్టింది. ముందు సీటులో, ట్యాంకు దగ్గర, రెండు పక్కలా ఫోము చెక్కేస్తే కాళ్లు నిటారుగా దిగుతాయి. పైన అంగుళం మాత్రం తీస్తానన్నాడు. “ఇంకా తీస్తే కింద ప్లాస్టిక్కు తగులుతాది సార్. గోరంట్ల పోయేతలికి మీరే మళ్లీ దూది పెట్టమంటారు” అన్నాడు.

ఈ సంగతి అత్తమ్మకు సంతోషంగా చెప్పాను. ఆమె ముఖం మారింది.

“కోసేస్తారా? వానికి కాళ్లు పొడుగు కదప్పా. రేపు వాడొస్తే యాడ కూర్చుంటాడు?”

అతను రెండేళ్లుగా వస్తున్నాననే అంటున్నాడు. ఆ మాట నేను అనలేకపోయాను. అదృష్టవశాత్తు ఆ బండికి ముందు సీటు, వెనక సీటు వేరువేరు. ముందుదానికి జోడుగా మరొకటి కొని, దాన్నే భాయికి అప్పగించాను. ఎవరు ఈ పని చేయించుకున్నా అసలు సీటు ముట్టుకోకపోవడమే మంచిది. కోసిన ఫోము మళ్లీ మొలవదు. వెనక స్ప్రింగు బిగింపు కూడా కొంచెం వదులు చేయించాను. మరీ వదులు చేస్తే ఇద్దరు కూర్చున్నప్పుడు గుంతల్లో అడుగంటి కొడుతుంది. బస్‌స్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన నా బూట్లకు ముప్పాతిక అంగుళం రబ్బరు అట్ట వేసి ఇచ్చాడు. కాలేజీలో పిల్లలు, సారు ఎదుగుతున్నారని చెప్పుకున్నారట.

ఇవన్నీ కలిపినా రెండు పాదాలూ పూర్తిగా ఆనలేదు. ఒక పాదం మాత్రం మడమతో సహా ఆనింది. అది చాలునని నమ్మడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. స్పెయిన్ దేశపు పందెగాడు డానీ పెడ్రోసా దాదాపు నా ఎత్తువాడే. 2003లో 125 సి.సి. తరగతిలోనూ, 2004, 2005లలో 250 తరగతిలోనూ ప్రపంచ విజేత. నడిచే బండికి కాళ్లతో పని లేదు, ఆగే బండికే పని. అందుచేత నేర్చుకోవలసింది ఆగడం. కుడికాలు బ్రేకు మీదే ఉంచి, పిరుదును ఎడమపక్కకు కాస్త జార్చి, ఎడమకాలు ఒక్కటే దించాలి. దించేముందు నేలను చదవాలి: తారు అంచుకు ముందే ఆగాలి, వాలు కాలి వైపు లేకుండా చూసుకోవాలి, ఇసుక ఉంటే ముందుకు వెళ్లాలి. ఇప్పుడు ఆ దారిలో ఏ మలుపులో ఏ రాయి నా కాలికి అందుతుందో నాకు తెలుసు.

ఏడు నెలల తరువాత ఒక ఆదివారం గోరంట్ల నుంచి బయలుదేరుతున్నాను. మా ఆవిడ బస్సులో వచ్చింది, బస్సులోనే పోవాలి. నేను ఎప్పటిలాగే రాతిమెట్టు పక్కన ఆపి దాని మీద కాలు మోపి నిలబడ్డాను. అరుగు మీద నుంచి ఆమె నా కాలివైపు చూసింది. రెండుసార్లు చూసింది. తరువాత చీర సర్దుకుని, అరుగు మీద నుంచే నేరుగా వెనక సీటు మీదికి వచ్చి కూర్చుంది.

“నెమ్మదిగా” అంది. హిందూపురం దాకా మరొక మాట మాట్లాడలేదు. నా చొక్కా మాత్రం వదల్లేదు.

అసలు సీటు గోరంట్లలో అటక మీద గోనెసంచిలో ఉంది. ప్రతి పండుగకూ అత్తమ్మ దాన్ని దింపించి తుడిచి కొబ్బరినూనె రాస్తుంది. రెక్సినుకు నూనె పనికిరాదని రెండుమూడుసార్లు చెప్పి చూశాను. వినదు.