మెట్ల మీద గాడిద

2024 సెప్టెంబరు 1, ఆదివారం. గండ్లు పడిన బుడమేరు వాగు మా బెజవాడ సింగ్‌నగర్ మీద పడింది. మాది పై వాటా కాబట్టి బతికిపోయాం. కింద వాటా వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని మా ఇంట్లోకి వచ్చేశారు. వాళ్ల వెనకే ఓ ఆడగాడిద మెట్లెక్కి, మలుపు దగ్గర ఆగిపోయింది. ఎంత లాగినా పైకి రాలేదు, కిందికి పోలేదు. కాళ్లు నీళ్లలోనే ఉన్నాయి.

అది సందు చివర ఖాళీ స్థలంలో గుడిసె వేసుకున్నవాళ్లది. ‘గాడిద పాలో’ అని కేకేసుకుంటూ వీధులు తిరిగేవాళ్లు. పసిపిల్లలకు దగ్గు రాదని చిన్న గిన్నెడు పట్టించే తల్లులు బెజవాడలో ఇంకా ఉన్నారు. ఆ కుటుంబాన్ని పడవలో తీసుకెళ్లిపోయారు. రెండు గాడిదల్లో ఒకటి నీళ్లలో కొట్టుకుపోయింది. మిగిలింది ఇదే.

నీళ్లు తొందరగా తగ్గలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు 11.43 లక్షల క్యూసెక్కుల వరద. నదే అంత నిండుగా ఉంటే బుడమేరు మళ్లింపు నీళ్లు అందులోకి ఎలా పోతాయి? డ్రోన్లు తెచ్చిన రొట్టెలు మేం తిన్నాం. గాడిద వాసన చూసి మొహం తిప్పుకుంది. వేసవిలో నున్న మార్కెట్ నుంచి తెచ్చిన మామిడికాయలు మాగేయడానికి వాడిన వరిగడ్డి డాబా మీద బరకం కింద ఉండిపోయింది. అది గుర్తొచ్చింది మా ఆవిడకే. ఆ గడ్డే దాని ప్రాణం నిలబెట్టింది.

నీళ్లు తీశాక పాలాయన వచ్చాడు. గుడిసె లేదు. "మీరే ఉంచుకోండి సార్. ఒంటిదాన్ని పెట్టుకుని నేనేం చేసేది? పాలూ ఎండిపోయినై" అన్నాడు. ఆ వారంలోనే ఎవరో బండి మీద వచ్చి రేటు అడిగాడు. ఎందుకో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. గాడిద మాంసం తింటే బలమనీ, ఉబ్బసం పోతుందనీ మన కోస్తాలో ఓ పిచ్చి నమ్మకం. ఆహార భద్రత నిబంధనల్లో తినదగిన జంతువుల జాబితాలో గాడిద లేదు, అయినా దొంగచాటుగా అమ్ముతారు. దేశంలో 2012 లెక్కల్లో 3.2 లక్షలున్న గాడిదలు 2019కి 1.2 లక్షలకు పడిపోయాయి. బండివాడిని పొమ్మన్నాను.

అప్పటిదాకా బాగానే ఉన్నది, మేత మానేసింది. గోడకు మొహం పెట్టి నిలబడేది. రాత్రి ఉన్నట్టుండి ఓండ్ర పెట్టి, చెవులు నిక్కించి వినేది. పక్కింటివాళ్లు జాలిపడి అన్నం, తవుడు తెచ్చారు. 1962కు ఫోన్ చేస్తే పశువుల డాక్టరు వచ్చారు. అన్నం పెట్టొద్దన్నారు. గాడిద తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలోకి దిగుతుందట, కాలేయం చెడి చచ్చిపోతుందట. జత పోయిన దిగులుకూ అలా మానేస్తుందన్నారు. సెలైన్ పెట్టారు. గంటగంటకూ బెల్లం నీళ్లు పట్టించమన్నారు. నేనూ మా ఆవిడా వంతులేసుకుని మేలుకున్నాం. దవడ పక్క పళ్లు లేని సందులో వేలు పెడితే నోరు తెరుస్తుంది. సగం నీళ్లు మా చీరల మీదా లుంగీల మీదా పడేవి.

పైగా గిట్టలు కుళ్లాయి. అడుగున మెత్తటి భాగం నల్లగా, వేలితో నొక్కితే దిగబడేలా ఉండేది. ఆ కంపు వరద బురద కంపును మించింది. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడంటారు. ఆయన ఒక్కసారే పట్టుకున్నాడు, నేను రోజూ పట్టుకున్నాను. కుళ్లు గీకి, మందు నీళ్లతో కడిగి, పొడిబట్టతో తుడవాలి. నొప్పికి అది తన్నేది కాదు, అరిచేది కాదు. చర్మం మాత్రం సన్నగా వణికేది.

మెల్లగా తినడం మొదలెట్టింది. నా చెప్పుల చప్పుడుకు మెడ తిప్పేది. ఉంచుకుందామని నాకు గట్టిగా ఉంది. ఇల్లుగలాయన మొహం మాడ్చుకున్నాడు గానీ, అదొక లెక్క కాదు. మా ఆవిడ అడిగినవాటికే జవాబు లేదు. "దానికింకా పదేళ్లు లేవు. బాగా చూస్తే ముప్పై ఏళ్లు బతుకుతుందని డాక్టరుగారే చెప్పారు. మీకు అరవై దాటాయి. మీ తర్వాత ఎవరు పట్టుకుంటారండీ ఆ కాళ్లు?" తర్వాత ఇంకో మాట అంది. "అది వింటోంది మీ చప్పుడు కాదు, ఇంకో గాడిదది."

గాడిద మెట్ట జంతువు. దాని ఒంటిమీద జుట్టు వాన ఆపదు, గిట్ట చెమ్మను పీల్చేస్తుంది. మా డెల్టా నల్లమట్టి ఆర్నెల్లు తడిగానే ఉంటుంది. ఇంకో గాడిదను తెద్దామంటే ఈ సందులో జాగా ఏది?

సంక్రాంతి అయ్యాక పాలాయన మళ్లీ వచ్చాడు. మైలవరం వైపు మెరకలో చేరాడట, అప్పుచేసి ఇంకో ఆడగాడిదను కొన్నాడట. ఇస్తారా అని అడిగాడు. నేను చాలాసేపు ఏమీ అనలేదు. రెండు నెలలకోసారి గిట్టలు కోయించాలి, ఆ డబ్బు నేనిస్తాను, కోసేటప్పుడు నన్ను పిలవాలి అన్నాను. సరేనన్నాడు.